ఎల్లాజీ గొంతు తీసేసిన రోజు

దెయ్యాల మాటెత్తితే నవ్వేవాణ్ణి. యాప్‌లలో సౌండ్లు పెట్టడమే నా ఉద్యోగం. నొక్కకుండా మోగడం, ఆపితే ఆగకపోవడం మాకు రోజూ ఉండే తలనొప్పే. దాన్ని బగ్ అంటాం, సరిచేస్తాం, ఇంటికెళ్ళి పడుకుంటాం.

సముద్రంలో చేపల వేటకెళ్ళేవాళ్ళకి జాగ్రత్తలు చెప్పే యాప్ ఒకటి మధురవాడలో మా ఆఫీసులో చేశాం. చదువు రానివాళ్ళు కూడా బొమ్మ నొక్కితే మాట వినబడాలి. ఆ గొంతు భీమిలి వైపు పల్లెలో ఉండే ఎల్లాజీది. రాసిచ్చిన నాలుగు ముక్కలు చెప్పడానికి పూటంతా పట్టింది, మధ్యమధ్యలో నవ్వు ఆపుకోలేక.

ఆ ఏడాదే అతను వేటకెళ్ళి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు.

కొన్ని నెలలకి అతని భార్య రవణమ్మ ఫోన్ చేసింది. పెద్దలు చెప్పగా చెప్పగా కర్మ చేయించడానికి ఒప్పుకుందట.

"ఫోన్లో మావ గొంతు తీసీండి బాబూ. అది వింటంటే పోనాడనిపించట్లేదు" అంది.

అతని ఫైళ్ళన్నీ తీసేసి, అవే మాటలు నా గొంతుతో పెట్టాను. పనితో ఒళ్ళు హూనమైన వారం అది. అయినా మనసొప్పక నేనే బండి మీద వెళ్ళాను. ఆమె ఫోన్లో పాత యాప్ తీసి కొత్తది ఎక్కించాను. గాలి జాగ్రత్త చెప్పే బొమ్మ నొక్కితే నా గొంతే వచ్చింది. రవణమ్మ తల ఊపింది. పక్కనే ఆమె మరిది వల బాగుచేసుకుంటున్నాడు.

ఆపే బటన్ నొక్కాను. నా గొంతు ఆగింది.

"ఒలే రవణా, గాలి తిరిగింది. ఒచ్చేత్తన్నాను."

ఎల్లాజీ గొంతే. మరిది వల వదిలేసి లేచి నిలబడ్డాడు.

ఆ ఫోన్ అడిగి తెచ్చుకుని అంతా వెతికాను. యాప్‌లో అతని గొంతు లేదు, పాత వాయిస్ మెసేజ్‌లలో ఆ మాట లేదు. మొదట చేసిన రికార్డింగు అంతా కూర్చుని విన్నాను. అందులో రవణ అన్న పేరే లేదు. అది బగ్ అని ఎవరైనా చూపిస్తే వాళ్ళకి దండం పెడతాను. నాకిక ఓపిక లేదు.

రవణమ్మ కర్మ మాన్పించేసింది. "ఒచ్చేత్తన్నానన్న మనిషికి పిండం పెడతారేటి?" అని పెద్దల మీద తిరగబడిందట.

ఇప్పటికీ ఫోన్ చేస్తుంది. "బాబూ, మళ్ళీ ఏటైనా అన్నాడా?"

లేదమ్మా అంటాను. ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో నాకు ఈరోజుకీ తెలియదు, అదీ చెబుతాను.

"సరే బాబూ, ఒచ్చేత్తాడులే" అని ఆమే నాకు ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేస్తుంది.