నున్నగా అరగదీసిన పెంకు

పెద్దమ్మ పోయిందని మొన్న బుధవారం పొద్దున నల్లపాడులో మా ఇంటికి కబురొచ్చింది. ఆవిడ నాకు చుట్టం కాదు. మిరపకోతల ముఠాకు మేస్త్రి, మా ఊళ్ళో అందరికీ పెద్దమ్మే. కబురు తెచ్చినవాడు "పాపం, మంచి మనిషి" అన్నాడు. మంచిదే, కానీ పాపమేమిటి? ఆవిడ ఎవరి జాలీ పుచ్చుకున్న మనిషి కాదు.

నాలుగేళ్ళ కిందట పురావస్తు శాఖవాళ్ళు మా ఊరి దిబ్బ తవ్వినప్పుడు నేను దొరికిన వస్తువులకు చీటీలు రాసేవాణ్ణి. పెద్దమ్మ ముఠా మట్టి మోసేది. ఒకప్పుడు అక్కడ బౌద్ధుల విహారం ఉండేదట. దానికి రాళ్ళు మోసినవాళ్ళలో దాసులూ ఉండి ఉంటారని చెబుతూ ఆఫీసరుగారు, "వాళ్ళ వస్తువులు మాత్రం మనకు దొరకవు" అన్నారు.

పెద్దమ్మ గంప దించింది. "దొరక్కేం బాబూ, పొద్దుటినుంచీ గంపలకెత్తి పారబోయిస్తన్నారుగా."

పగిలిన కుండ పెంకుల కుప్పలోంచి ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టింది. "మూడు పక్కలా గరుకే. ఈ పక్క తడిమి చూడండి. మూతి కోసుకోకుండా ఎవతో బండమీద అరగదీసుకుంది. గంజి తాగే పెంకు ఇది."

ఆయన నవ్వారు. "పెంకులన్నీ దాచాలంటే వాటికో మేడ కట్టాలమ్మా."

పెద్దమ్మ కుప్ప పక్కనే కూచుంది. ఆవిడ కూచుంటే ముఠా మొత్తం కూచుంది. "ఇది చీటీ ఎక్కిందాకా గంప ఎత్తం" అంది. కూలి పోతుందని నేను గొణిగితే, "నీ చీటీల పని నువ్వు చూసుకోరా" అని కసిరింది.

మర్నాడు ఇంటి చూరులోంచి ఇంకో పెంకు తెచ్చింది. వాళ్ళమ్మ వెట్టి చేసిన ఇంట్లో గిన్నె ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదట. పగిలిన కుండ పెంకులో గంజి పోసేవాళ్ళట. రెండూ కడిగి పక్కపక్కన పెట్టింది. ఏది ఎప్పటిదో నాకు తెలియలేదు. ఆఫీసరుగారు రెండు అంచులమీదా బొటనవేలు రాసి చూశారు.

"గంజి వాళ్ళు పోశారు. నునుపు మా అమ్మ చేసుకుంది" అంది పెద్దమ్మ.

నేను చదివిన చరిత్రంతా ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు.

ఆయన చెప్పగా చీటీ రాశాను: 'బహుశా గంజి తాగిన పెంకు.' చదివి వినిపించమంది. "బహుశా ఏంట్రా? నా మూతినడుగు." రుజువు లేనిది ఖాయంగా రాయకూడదన్నారాయన. ఆ 'బహుశా'ను పెద్దమ్మ చివరిదాకా క్షమించలేదు. నాకూ దాన్ని కొట్టేసే ధైర్యం చాలలేదు. సాయంత్రానికి కుప్పలోంచి అలాంటివి ఇంకో ఏడు దొరికాయి.

బుధవారం పూడ్చేటప్పుడు, వాళ్ళమ్మ పెంకును ఆవిడతోపాటే పెడదామన్నారెవరో. పెద్దమ్మ కూతురు ఒప్పుకోలేదు.

"మళ్ళీ మట్టిలోకెందుకు? రేపెవరో తవ్వి, మళ్ళీ బహుశా అంటారు."

తిరిగొచ్చాక దాన్ని గుమ్మం పక్క గూట్లో నిలబెట్టింది. నున్నటి అంచు వీధివైపు ఉంది.