తిరిగొచ్చిన నెత్తురు

మా అక్కకు నేనిచ్చినవాటిలో ఆమె వంక పెట్టకుండా తీసుకున్నది ఒక్కటే: నా కాలేయంలో సగానికి కాస్త ఎక్కువ. అదీ మత్తులో ఉంది కాబట్టి.

ఆళ్లగడ్డలో ఆమె కాపురం, నంద్యాలలో నా ఉద్యోగం. ఆదివారం చర్చి కాగానే బస్సెక్కి వచ్చి, నా వంటింట్లో డబ్బాల మూతలన్నీ తీసి చూసి, నా బతుకు మీద తీర్పు చెప్పి, సాయంత్రం బస్సుకు పోయేది. అప్పట్లో ఆ తీర్పులు బరువుగా ఉండేవి. ఇప్పుడు ఆదివారాలే బరువు.

చుక్క ముట్టని మనిషికి కాలేయం చెడింది. రోజూ ముట్టే మా బావది మాత్రం బేతంచెర్ల బండ. కానీ నెత్తురు గ్రూపు కలిసింది నాకు.

హైదరాబాదులో డాక్టరు మా ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాడు: "తమ్ముడి దగ్గర తీసిన ముక్కను కడిగి చల్లగా పెడతాం. కాసేపు దానికి రక్తం అందదు. తర్వాత మీ రక్తం వదులుతాం. అసలు కష్టం అప్పుడే."

"నెత్తురు లేనప్పుడు గదప్పా కష్టం? వచ్చినాక దానికేం నొప్పి?" అంది అక్క.

కాలేయంలో వెంట్రుక కంటే సన్నటి దారులుంటాయట. రక్తం ఆగితే వాటి లోపలి పొర నీరసిస్తుంది. రక్తం తిరిగి రాగానే ఆ పొర వాస్తుంది, తెల్లకణాలు యుద్ధమేదో జరుగుతోందనుకుని వచ్చి అంటుకుంటాయి, దారి మూసుకుంటుంది. పెద్ద నాళంలో రక్తం పారుతూనే ఉంటుంది. కణాలకు మాత్రం అందదు.

అక్క నా వైపు తిరిగింది. "మన పిల్లకాలవ మాదిరి లేదూ?"

కె.సి. కాలువకు చాన్నాళ్లకు నీళ్లొస్తే మా వైపు ఎవరూ తూము పలక ఒక్కసారిగా ఎత్తరు. జానెడు ఎత్తి, బీటలు వారిన గట్లు నానేదాకా బీడీలు కాలుస్తూ కూర్చుంటారు. చిన్నప్పుడు ఒకసారి అక్క నీళ్లు చూసిన సంబరంలో పలక మొత్తం ఎత్తేసింది. గట్ల మన్ను కూలి పిల్లకాలువ పూడింది. తూము దగ్గర నురగలు, మడిలో మాత్రం ఎండిన వరి. నాయన కట్టె అందుకుంటే, "నీళ్లొస్తాంటే సంతోషపడాల గానీ ఏందీ కోపం?" అని ఆయన్నే అడిగింది.

ఇదంతా విని డాక్టరు, "అంతేనమ్మా. మేమూ నెమ్మదిగానే వదులుతాం. అయినా ఒక్కోసారి పూడుతుంది" అన్నాడు.

"నెమ్మదిగానే ఇడువప్పా. ఆ ముక్కకు తొందరెక్కువ. మావోడిది గదా!"

నెమ్మదిగానే వదిలారు. ముక్క మంచి రంగు తిరిగిందని, పైత్యరసం కూడా ఊరిందని చెప్పారు. ఆ తర్వాత ఊరడం ఆగింది. పెద్ద నాళాల్లో రక్తం బాగానే ఉందని రోజూ చెప్పేవారు. అది మాకు శుభవార్త కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఇంకో కాలేయం కోసం వెతికారు. దొరకలేదు. ఎవరి తప్పూ లేదు. అందరూ జానెడే ఎత్తారు.

కుట్లతో ఉన్న నన్ను చక్రాల కుర్చీలో ఒకసారి ఆమె దగ్గరికి తీసుకెళ్లారు. ఆమె నోట్లో గొట్టం ఉంది. కళ్లు తెరిచి నన్ను చూసి, ఐదు వేళ్లూ దగ్గర చేర్చి నోటి దగ్గర ఆడించింది. తిన్నావా అని. తిన్నానని తలూపాను. నమ్మినట్టు కనిపించలేదు.

అక్క పోయాక, మొన్న హైదరాబాదుకు పరీక్షకు పోతే నా కాలేయం చక్కగా పెరిగిందన్నారు. తిరిగొస్తూ నంద్యాలలో దిగకుండా ఆళ్లగడ్డ దాకా పోయాను. బావ వరండాలో ఉన్నాడు. తాగడం మానేశాడు, ఎవరూ అడక్కుండానే.

"ఏమన్యాడు డాక్టరు?"

"పెరిగిందంట బావా."

"ఎంత?"

"మొత్తం."

"ఆమెకిచ్చింది గూడానా?"

"అది గూడా."

ఆయన చాలాసేపు నా కుడి డొక్క వైపే చూస్తూ కూర్చున్నాడు, అక్కడెవరో ఉన్నట్టు. నేను కదలకుండా చూడనిచ్చాను.