నల్లమద్ది మీద నెమళ్ళు

పెళ్ళయిన కొత్తలోనే నన్ను తెచ్చి అడవిలో పెట్టారు. మా ఆయన ఫారెస్టు గార్డు. మాచర్ల దాటాక రోడ్డు వదిలి బండి బాటన లోపలికి పోతే ఒక పెంకుటింటి క్వార్టరు, దాని వెనక వాగు, వాగు గట్టున ఒక పెద్ద నల్లమద్ది చెట్టు. అదే మా ఊరు. ఊరి జనం ఇద్దరం. పొద్దున్నే ఆయన బీటుకు పోతే ఇక నేనొక్కదాన్నే.

నేను చిలకలూరిపేట పిల్లను. స్పిన్నింగు మిల్లు వెనక సందులో పుట్టి, మిల్లు కూతకు లేచి, లారీల హారన్లు వింటూ నిద్రపోయినదాన్ని. అలాంటిదాన్ని ఆకు రాలినా వినపడే చోట కూర్చోబెడితే ఎట్లా ఉంటుంది? కొన్నాళ్ళు గోడలతో మాట్లాడాను. తర్వాత ఆ గోడల మీదే కోపం వచ్చింది, బదులు పలకవేమని.

అన్నిటికన్నా గండం సాయంత్రం. దీపాలు పెట్టే వేళ వీధి తలుపు మూయకూడదని మా అమ్మ నేర్పింది. లక్ష్మీదేవి వచ్చి, తలుపు మూసి ఉంటే వెనక్కి పోతుందట. అమ్మకేం, పేటలో కూర్చుని ఎన్నైనా చెబుతుంది. ఇక్కడ తలుపు తీసి పెడితే లక్ష్మి కన్నా ముందు చిరుతపులి వచ్చేట్టుంది. అయినా మూయడానికి చెయ్యి వచ్చేది కాదు. లాంతరు వెలిగించుకుని గడప లోపల ముడుచుకు కూర్చుని, ఆ వేళ ఎప్పుడు దాటిపోతుందా అని చూసేదాన్ని. ఇంట్లో గడియారం ఉంది గానీ, దీపాల వేళ ఎప్పుడు అయిపోతుందో గడియారం చెప్పదు గదా.

నెమళ్ళు చెప్పేవి. పొద్దు వాలగానే వాగు అవతలి నుంచి ఒక్కొక్కటే వచ్చి, నల్లమద్ది మీదికి ఎగిరి, కొమ్మల కోసం తగువులాడుకునేవి. నెమలి అందం గురించి అందరూ చెబుతారు, దాని గొంతు గురించి ఎవరూ చెప్పరు. మొదట్లో చెవులు మూసుకుని తిట్టిపోశాను. పోనుపోను ఒకటి కనిపెట్టాను. అవి సర్దుకుని నోరు మూసేసరికి సరిగ్గా చీకటి పడేది. చివరి రెక్క చప్పుడు ఆగగానే లేచి గడియ పెట్టుకునేదాన్ని. మా ఆయన వచ్చి తలుపు తట్టేదాకా, పక్కన అన్ని ప్రాణాలు పడుకున్నాయన్నదే నా ధైర్యం.

అట్లా ఉండగా కరెంటు మాట పుట్టింది. అడవి లోపలి తండాకు మంచినీళ్ళ మోటారు పెడతారట, దానికి లైను లాగాలి. వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని స్తంభాలు. పొలాల్లో అయితే ఎప్పుడో పాతేసేవాళ్ళు. కానీ అది పులుల కోసం వదిలిన అడవి. గుంట తీయాలన్నా పైనుంచి అనుమతి రావాలి. దగ్గరి దారి మా వాకిట్లోంచి పోతుంది, అటు వస్తే క్వార్టరుకూ ఒక కనెక్షను ఇస్తారు. ఆ దారికి అడ్డం నల్లమద్ది ఒక్కటే. రెండోది బండి బాట వెంట చుట్టుదారి. అటు చెట్టు కొట్టే పని లేదు, మా ఇంటికి లైటూ లేదు. ఏ దారిన పోవాలో కరెంటు వాళ్ళూ ఫారెస్టు వాళ్ళూ కలిసి చూసి తేల్చాలి.

ముందుగా కరెంటు ఇంజనీరు వచ్చాడు. నాది పేట అని తెలియగానే అక్కా అని పిలిచాడు, వాళ్ళదీ ఆ పక్కేనట. వాకిట్లో ఒక మేకు దిగ్గొట్టి, "స్తంభం ఇక్కడే అక్కా" అన్నాడు. ఆ అడవిలో నన్ను అక్కా అన్నవాడు అతనొక్కడే. మర్నాటి నుంచి ఆ మేకు చుట్టూ ముగ్గు వేశాను. ఫ్యాను ఎక్కడ తిరగాలో, బల్బు ఎక్కడ వెలగాలో దూలం కేసి చూస్తూ ఖాయం చేసుకున్నాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మా ఆయన ఎగతాళి చేస్తాడనుకున్నాను. చెయ్యలేదు. మూడు పూటలా చెట్ల ముచ్చట్లే చెప్పే మనిషి, ఆ చెట్టు ఊసు మాత్రం ఎత్తడం మానేశాడు.

తనిఖీ రోజున ఫారెస్టు పెద్ద అధికారి, ఇంజనీరు కలిసి వచ్చారు. ఆ పొద్దున మా ఆయన చెట్టు కింద వంగి ఏదో ఏరుతుంటే పొయ్యిలోకి పుల్లలనుకున్నాను. మిట్టమధ్యాహ్నం వేళ చెట్టు చుట్టూ తిరిగారు. ఒక్క పక్షీ లేదు, గూడూ లేదు. దీన్ని నమ్ముకుని ఏమన్నా బతుకుతున్నాయా అని అధికారి అడిగితే, మా ఆయన నేలచూపులు చూస్తూ తను కనిపెట్టలేదన్నాడు. సరే అయితే అన్నారాయన. నా గుండె ఎగిరి గంతేసింది.

భోజనాలు మా ఇంట్లోనే. పప్పుచారు, గోంగూర పచ్చడి, కోడిగుడ్డు పులుసు. అధికారి మా నాన్న ఈడు మనిషి. తిని, చెయ్యి కడుక్కుంటూ మాటవరసకు అడిగారు, ఇంత ఒంటరిగా ఎట్లా ఉంటున్నావమ్మా, పొద్దుగూకితే భయం వేయదా అని.

ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. కన్నతల్లి అడగలేదు, కట్టుకున్నవాడు అడగలేదు. ఇక నా నోటికి కట్ట తెగింది. మిల్లు కూత చెప్పాను, గోడల సంగతి చెప్పాను, అమ్మ పెట్టిన నియమం చెప్పాను. చెబుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, అయినా ఆగలేకపోయాను.

"భయం లేకేం బాబాయిగారూ. ఆ మద్ది మీద నెమళ్ళు సద్దుమణిగిందాకా తలుపు తీసుకుని కూచుంటా. అయ్యి ఉండబట్టే ఇక్కడ ఉండగలిగా."

ఆయన చేతిలో చెంబు అట్లాగే ఆగిపోయింది. "ఏ మద్ది తల్లీ?" అన్నారు మెల్లగా.

అప్పటికి గాని నేనేమన్నానో నాకు తెలియలేదు. ఇంజనీరు విస్తరిలోకి చూస్తున్నాడు. నేను చెయ్యెత్తి చూపించాను. ఉన్నది ఒక్కటే గదా.

అధికారి మళ్ళీ పోయి చెట్టు కింద కాసేపు నిలబడి వచ్చారు. వెళ్ళేముందు ఇంజనీరే వంగి ఆ మేకు పీకేశాడు. మొహం చూడకుండా వస్తానక్కా అన్నాడు. మళ్ళీ రాలేదు. ముగ్గు మాత్రం మిగిలింది.

ఆ రోజు మా ఆయన ఇక బీటుకు పోలేదు, సాయంత్రం దాకా ఇంటి దగ్గరే ఉన్నాడు. కట్టెల మోపు వెనక నుంచి ఒక గుడ్డమూట తెచ్చి నా ముందు విప్పాడు. అన్నీ నెమలీకలు.

"నాకు తెలవదా ఏందే, పొద్దుగూకితే నువ్వు పడే భయం? పొద్దున్నే ఏరి దాచా. నీకు లైటు వచ్చిద్దని."

అడవికి ఎన్నడూ అబద్ధం చెప్పని మనిషి నాకోసం చెప్పాడు. దాన్ని నా నోరే చెడగొట్టింది. లైటు పోయినందుకు కాదు, ఆయన నన్ను ఇన్నాళ్ళూ గమనిస్తూనే ఉన్నాడని తెలిసి ఏడ్చాను. ఆ మాట ముందే ఒక్కసారి నోరు విప్పి అంటే ఏం పోయేది? బయట నెమళ్ళు కొమ్మల కోసం కొట్టుకుంటున్నాయి.

లైను బండి బాట వెంట పోయింది. తండాకు నీళ్ళు వచ్చాయి. మాకు లాంతరే.

కొన్నేళ్ళకు నరసరావుపేట బదిలీ అయింది. గదికో బల్బు, వాకిలి ఎదురుగా వీధి లైటు, పక్కవాటాలో పిన్నిగారు. నేను కోరుకున్నవన్నీ వచ్చాయి. మొదటి సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టి, వీధి తలుపు తీసి గడప లోపల కూర్చున్నాను. రిక్షాలు పోతున్నాయి, సినిమాకు జనం పోతున్నారు. ఆ వీధిలో ఎంతసేపటికీ చీకటి పడలేదు. అంతమందిలో ఒక్కదాన్నే అయిపోయినట్టు దిగులు పుట్టింది.

మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి వాకిట్లో చెప్పులు విడుస్తూ, "ఇంకా తలుపెయ్యలేదేందే?" అన్నాడు.

"ఎప్పుడెయ్యాలో తెలవట్లా" అన్నాను.