కరీమున్ తాలు అన్న ఫోర్కు

గుంటూరు మిర్చి యార్డుకు కూతవేటు దూరంలో బుడే సైకిల్ షాపు ఉంది. బోర్డు మీద పేరు బుడేది, పనంతా ఆయన భార్య కరీమున్‌ది. నడుము పట్టేశాక బుడే స్టూలు మీద కూర్చుని పంక్చర్లు వేస్తాడు, వచ్చేపోయేవాళ్లతో కబుర్లు చెబుతాడు. కబుర్లలో ఆయనను మించిన మెకానిక్ జిల్లాలో లేడు.

షాపులోకి రాకముందు కరీమున్ పదకొండేళ్లు గోదాముల్లో మిరపకాయలు ఏరింది. మంచికాయ ఒకవైపు, రంగు వెలిసి తెల్లబారిన తాలుకాయ ఇంకోవైపు. మొదటి రోజే మేస్త్రీ చెప్పింది ఒక్కటే: అనుమానం వచ్చిన కాయ తాలు బుట్టలోకే. ప్రతి కాయ దగ్గరా ఆగి ఆలోచిస్తే సాయంత్రానికి బస్తా తేలదు. ఆ మాట ఆమె వేళ్లలోకి ఇంకిపోయింది. వంకాయల బండి దగ్గర కూడా అలాగే ఏరుతుందని బండివాడి ఏడుపు.

ఊళ్లో డాక్టర్లూ లెక్చరర్లూ పొట్ట తగ్గించుకోవడానికి కార్బన్ సైకిళ్లు కొనడం మొదలుపెట్టాక అవీ ఈ షాపుకు వచ్చాయి. సన్నటి నల్లపోగుల గుడ్డను జిగురులో తడిపి, పొర మీద పొర వేసి గట్టిపరిచిన గొట్టాలవి. సైకిలంతా కలిపి ఒంటిచేత్తో ఎత్తొచ్చు. ఇనుమైతే ముందు వంగి చెబుతుంది. ఇది చెప్పదు, ఒక్కసారిగా విరుగుతుంది. "ఇది సైకిలా, ప్లాస్టిక్ బొమ్మా?" అని బుడే దూరం జరిగాడు. కరీమున్ జరగలేదు.

పాత ఐదు రూపాయల బిళ్ళతో గొట్టం పొడవునా తట్టి వినేది. టక్కుటక్కుమని మోగుతూ ఒక్కచోట బొదబొదమంటే లోపల పొరలు విడిపోయాయన్నమాట. తర్వాత గింజ తీసిన పత్తి ఉండతో పైపైన రాసేది. కంటికి కనపడని పగులుంటే పోగు అక్కడ పట్టుకుంటుంది. చివరికి ఫోర్కు ఊడదీసి లోపల వేలు పెట్టి తడిమేది. ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల భాగమే ఫోర్కు. అది విరిగితే మనిషి మొహం నేరుగా రోడ్డుకు తగులుతుంది. బాగుంటే "మంచికాయ" అనేది, లేకపోతే "తాలు". అంతకుమించి ఉపన్యాసాలు లేవు.

ఆ చెయ్యీ ఒకసారి తప్పింది. రెండేళ్ల క్రితం అస్లాం అనే లెక్చరర్ ఫోర్కు మీద గీత చూసి, పెయింటు లేచిందంతే, మంచికాయ అంది. నెల తిరక్కుండా పేరేచర్ల దాటాక అది విరిగింది. అస్లాం ముందుపళ్లు మూడు పోయాయి. ఆయన పల్లెత్తు మాట అనలేదు. కట్టుడు పళ్లతో నవ్వుతూ మళ్లీ ఈ షాపుకే వచ్చాడు. నాలుగు తిట్టినా బాగుండేదని కరీమున్ ఇప్పటికీ అనుకుంటుంది. విరిగిన ఫోర్కును అడిగి తీసుకుని గుమ్మం పక్కన మేకుకు తగిలించింది.

పోయిన డిసెంబరులో సత్తెనపల్లి దగ్గరి రైతు చెంచురామయ్య కూతురు భవ్యను వెంటబెట్టుకుని వచ్చాడు. భవ్య డిగ్రీ రెండో ఏడు. ఆదివారం జిల్లా సైకిల్ పందెం. మొదటి ముగ్గురే రాష్ట్ర జట్టు ఎంపికకు వెళతారు. హైదరాబాదులో ఎవరో వాడగా తండ్రి కొనితెచ్చిన కార్బన్ సైకిలు ఎర్రగా నిగనిగలాడుతోంది.

"ఒక్కసారి చూసి మంచిదని చెప్పమ్మా, వెళ్లిపోతాం," అన్నాడు చెంచురామయ్య.

"చూడకముందే మంచిదని ఎట్లా అంటానండీ? కాయ మరీ నిగనిగలాడితే యార్డులో కొనేవాళ్లేం చేస్తారు?"

"గుడ్డతో తుడిచి చూస్తారు, నూనె రాశామేమోనని," అనేసి ఆయన నాలుక్కరుచుకున్నాడు.

ఫ్రేము పొడవునా బిళ్ళ ఒకేలా మోగింది. ఫోర్కు కాళ్లు రెండూ ఒకేలా మోగాయి. పత్తి మాత్రం ఆ రెండు కాళ్లూ కలిసేచోట పట్టుకుంది. ఒకే ఒక్క పోగు. ఊడదీసి లోపల తడిమితే సరిగ్గా అక్కడే చిన్న మడత వేలికి తగిలింది. పగిలింది పైన పెయింటేనా, లోపలి పొరలా? మూడుసార్లు చూసినా కరీమున్‌కు తేలలేదు. గుమ్మం పక్కనున్న మేకు వైపు చూసింది.

"తాలు," అంది.

చెంచురామయ్యకు ఒళ్లు మండింది. "లెక్చరర్ గారిది మంచికాయ అన్నావంట, విరిగిందంట. ఇప్పుడు నిక్షేపంలాంటిది తెస్తే తాలంటావా?"

"ఒక్క పోగేగా ఆంటీ పట్టుకుంది," అంది భవ్య. "ఈ మూడు రోజుల్లో ఇంకోటి దొరకదు."

"ఒక్కటే కాబట్టే తేల్చుకోలేకపోతున్నా. నాకు తేలనిదాని మీద నిన్నెక్కించలేను."

బుడే అటక మీదనుంచి పాత ఇనుప ఫోర్కు దింపించాడు. కరీమున్ దాన్నే బిగించింది. సైకిలు ముప్పాతిక కిలో బరువెక్కింది. ఆదివారం భవ్య నాలుగోదిగా వచ్చింది. మూడో అమ్మాయికీ ఆమెకూ మధ్య ఒక్క చక్రమంత దూరం.

సోమవారం పొద్దున్నే తండ్రీకూతుళ్లు ఊడదీసిన ఆ కార్బన్ ఫోర్కుతో దిగారు. "కొయ్యి," అన్నాడు చెంచురామయ్య. "నా కళ్లముందు కొయ్యి."

కరీమున్ ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, పోగు పట్టుకున్న చోటే రంపం పెట్టింది. నల్లటి పొడి రాలింది. తెగిన అంచును తుడిచి వెలుతురులోకి పట్టింది. పొరలన్నీ బిగువుగా ఉన్నాయి. పగులు పెయింటు దగ్గరే ఆగిపోయింది. లోపలి మడత జిగురు గడ్డ. గోటితో గీకితే ఊడొచ్చింది.

"అదుగో, అక్కడ నెర్ర కనపడతంది," అని బుడే వేలు చూపించాడు.

"అది రంపం గీత," అంది కరీమున్. "మంచికాయేనండీ. నేనే తప్పు చెప్పాను. అమ్మాయి పందెం నావల్లే పోయింది."

పోట్లాటకు సిద్ధపడి వచ్చిన చెంచురామయ్య కోసిన ముక్కను తిప్పితిప్పి చూసి కింద పెట్టేశాడు. భవ్య ఏడ్చింది. ఇద్దరూ వెళ్లిపోయారు. కరీమున్‌కు ఆ రోజు అన్నం సహించలేదు. కోసిన ఫోర్కును కూడా మేకుకు, విరిగినదాని పక్కనే తగిలించింది.

అప్పట్నుంచి కార్బన్ సైకిలు తెచ్చినవాళ్లకు ముందు ఆ రెండూ చూపిస్తుంది. "దీన్ని మంచిదన్నా, విరిగింది. దీన్ని తాలన్నా, మంచిదే. ఇప్పుడు మీది చూడమంటారా?" కొందరు సైకిలు తిప్పుకుని వెళ్లిపోతారు. బేరాలు చెడగొట్టే మేకు అని బుడే సణుగుతాడు.

ఫిబ్రవరిలో భవ్య ఒక్కతే వచ్చింది. చేతిలో కొత్త ఫోర్కు. మేకు వైపు చూసి, "నాదేనా ఆంటీ?" అంది.

"నీదే."

భవ్య దాన్ని తీసి నున్నటి కోత మీద వేలు రాసింది. తర్వాత అస్లాంది తీసింది. ముళ్లు ముళ్లుగా చీలిన ఆ విరుగు మీద వేలు పెట్టబోయి ఆగింది. రెండూ మేకుకు తగిలించి, కొత్తది కరీమున్ చేతికిచ్చింది.

"మళ్లీ అనుమానమొస్తే తాలే అంటానమ్మాయ్, ముందే చెబుతున్నా."

"అందుకే తెచ్చాను," అంది భవ్య.

కరీమున్ పత్తి ఉండ కోసం వెతుక్కుంది. కళ్లు తడిగా ఉండటంతో, ఎదురుగానే ఉన్నది దొరకడానికి కాసేపు పట్టింది.