గీత లేని సంతకం

మంత్రి సంతకాల్లో రెండు రకాలుంటాయని బయటివాళ్లకు తెలియదు. నాకూ మంత్రినయ్యాకే తెలిసింది. దరఖాస్తు మీద "వెంటనే పరిశీలించండి" అని రాసి, సంతకం కింద గీత గీస్తే పని చెయ్యమని అర్థం. గీత లేకపోతే బీరువాలో పడెయ్యమని. ఈ కిటుకు నాకూ, నా పీఏకూ, శాఖలో నలుగురైదుగురికీ మాత్రమే తెలుసు. ఎవరినీ కాదనకుండా, అందరినీ నవ్వుతూ సాగనంపడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు. రోడ్ల ఇంజనీరుగా ఉన్నన్నాళ్లూ స్వయంగా కొలవందే ఒక్క కాగితం మీద సంతకం చెయ్యని మనిషిని, ఈ విద్య మాత్రం వారం రోజుల్లో వంటబట్టించుకున్నాను.

శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు తెరిచిన కొత్తలో, నాకు ఢిల్లీ ప్రయాణం ఉన్నదంటే జనం దరఖాస్తులు పట్టుకుని అక్కడే కాచుకునేవారు. ఒక ఉదయం మహేశ్వరం వైపు నుంచి ఒకావిడ వచ్చింది.

"సారూ, మా ఊరి రోడ్డు మీరే ఏపిచ్చిన్రు, యాదున్నదా? వాగు మీద వంతెన జర ఎత్తు లేపియ్యాలె. వానొస్తె నీళ్లు మీదికెల్లి పోతున్నయ్. నా పెనిమిటి దినాం పొద్దుగాల మోపెడు మీద పాలు పట్టుకొని రాజేంద్రనగర్ పోతడు. ఆయన తిరిగొచ్చేదాంక నాకు పానం నిలువది."

యాది లేకపోవడమేమిటి. ఇంజనీరుగా ఉన్నప్పుడు ఆ వంతెన కట్టించింది నేనే. నీళ్లు పోవడానికి వేసిన పైపులు చాలవని అప్పుడే తెలుసు. నిధులు లేవని పైవాళ్లన్నారు, నేను ఊరుకున్నాను. ఆమె మాట అక్షరాలా నిజమని అక్కడున్నవాళ్లలో నాకొక్కడికే తెలుసు. కానీ ఆ రోజు నా మనసంతా ఢిల్లీలో ఉంది. నన్ను రాయబారిగా పంపే సంగతి ఆ పూటే తేలబోతోంది. సంతకం పెట్టి, కాగితం పీఏ చేతికిచ్చి లోపలికి నడిచాను.

విమానం లేచాక గుర్తొచ్చింది, గీత గియ్యలేదని. దిగగానే ఫోన్ చేద్దామనుకున్నాను. దిగేసరికి శుభవార్తతో, పూలగుత్తులతో మనుషులు ఎదురొచ్చారు. మర్చిపోయానని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. రేపు చేద్దాంలే అనుకున్నాను. అలా రేపు రేపంటూనే దేశం దాటాను.

అక్కడ వాన పడ్డప్పుడల్లా, నేనెన్నడూ చూడని ఆ మోపెడు కళ్ల ముందుకొచ్చేది. విందులో నలుగురితో నవ్వుతూ మాట్లాడుతుండగా కిటికీ మీద చినుకులు పడేవి, నా మాట తడబడేది. పీఏకు ఫోన్ చేసి కనుక్కోవచ్చు. ఏం వినాల్సి వస్తుందోనన్న భయంతో అడగలేదు.

పదవీకాలం ముగిసి తిరిగొచ్చిన రోజు, నన్ను తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. పదవి లేనివాడి విమానం ఎప్పుడు దిగితే ఎవరికేం పట్టింది. సామాను కోసం నిలబడి ఉంటే, నేల తుడుస్తున్న ఒకామె పని ఆపి దగ్గరికొచ్చింది. పనివాళ్ల యూనిఫాంలో ఉన్నా, వంతెన దరఖాస్తు ఇచ్చినావిడేనని పోల్చుకున్నాను. నేను అడగకముందే చెప్పింది.

"మీరు పోయిన ఏడే నా పెనిమిటి వాగుల కొట్కపోయిండు సార్. మోపెడు దొరికింది, మనిషి రెండొద్దులకు దొరికిండు. మీరు రాసిచ్చినా ఆఫీసరోళ్లు చెయ్యలే. పీఏ సారిచ్చిన జిరాక్సు ఇంక ఇంట్లనే ఉన్నది. ఊర్ల ఎవలన్న మిమ్మల్ని ఒక్క మాటంటే నేను ఊకోను."

తల ఊపి వచ్చేసి ఉంటే సరిపోయేది. నా వల్ల కాలేదు. గీత సంగతి, చెయ్యని ఫోన్ సంగతి, అంతా చెప్పేశాను. చెబుతుంటే, సిగ్గులేకుండా, నా గుండె తేలికపడింది కూడా.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. చేతిలోని తుడుపుకర్ర గోడకు ఆనించింది.

"మా బాధ ఒక్క మనిషన్న ఇన్నడనుకొని ఇన్నొద్దులు బతికిన సార్," అంది. "గిప్పుడు గిది నాకెందుకు చెప్పిన్రు?"