ఎంత మండుతుందిరా?

నా చిన్నప్పుడు మిరపకాయల రోజులొచ్చాయంటే మా ఇంటికి పగలంతా తాళమే. అమ్మా నాన్నా కూలికి కల్లానికి వెళ్లేవాళ్లు. నాలుగేళ్ల మా తమ్ముణ్నీ, బడి లేని రోజున నన్నూ వెంటబెట్టుకుని పోయేవాళ్లు. గుంటూరు వైపు వాళ్లకు కల్లం అంటే చెప్పక్కర్లేదు. చేలో ఒక మూల నేల చదును చేసి, కోసిన కాయలను ఎర్రగా పరిచి ఎండబెడతారు. ఎండాక ఆడవాళ్లంతా వరసగా కూర్చుని తెల్లబారిన తాలు కాయలను ఏరి పక్కన పడేస్తారు. ఆ ఘాటుకి తుమ్మి తుమ్మి, చివరికి తుమ్మడం కూడా మానేస్తారు.

నేను పిల్లల పుస్తకాలు రాస్తానని తెలిసిన వాళ్లంతా కథలు ఎవరి దగ్గర నేర్చుకున్నారండీ అని అడుగుతుంటారు. నాయనమ్మ దగ్గరంటానని వాళ్ల ఆశ. పాపం మా నాయనమ్మకు కథలు రావు, తిట్లు వచ్చు. అవి మాత్రం ఎంత బాగా వచ్చో! నాకు కథ అంటే ఏమిటో తెలిసింది మా పక్కింటి అక్క వల్ల, అదీ ఒక్క పూటలో. అక్క పెళ్లికాని పిల్ల. వారమంతా మాతోపాటు కూలికి వచ్చేది, ఆదివారం చర్చిలో చిన్నపిల్లలకు పాటలు నేర్పేది. గొంతు కాస్త బొంగురు. పాట కన్నా మాటే బాగుండేది.

ఆ రోజు మా తమ్ముడు పొద్దుటి నుంచీ కాయల కుప్పలో చేతులు పెట్టి ఆడుతూనే ఉన్నాడు. మధ్యాహ్నం గోనెపట్టా అంచు కాలికి తగిలి బోర్లా పడ్డాడు. పెద్ద దెబ్బేమీ కాదు, మోకాలు కాస్త గీరుకుంది. కానీ వాడు ఏడుపు అందుకుంటే ఊరు వినాల్సిందే. అమ్మ చేతిలో కాయలు వదిలేసి పరుగెత్తుకొచ్చి, వాణ్ని ఒళ్లోకి లాక్కుని, అలవాటు కొద్దీ కళ్లు తుడిచేసింది. పొద్దుటి నుంచీ కాయలు ఏరిన చేత్తో!

ఆ తర్వాత వాడు అరిచిన అరుపు నాకిప్పటికీ గుర్తుంది. పిడికిళ్లతో కళ్లు నులుముకోబోయాడు. ఆ పిడికిళ్ల నిండా కూడా కారమే. నులిమాడంటే కళ్లు ఏమైపోతాయో అక్కడున్న అందరికీ తెలుసు. నాన్న బిందె తీసుకుని చేను చివర మోటారు దగ్గరికి పరుగు తీశాడు. అక్కడికి పోయి రావాలంటే మాటలు కాదు. ఈలోపు వాడి చేతులు పట్టుకోవాలి. ఎవరు పట్టుకుంటారు? ఆ కల్లంలో కారం అంటని చెయ్యి ఒక్కటీ లేదు. పట్టుకుంటే ఇంకా పూసినట్టే. అమ్మ రెండు చేతులూ దూరంగా పెట్టుకుని నిలబడిపోయింది. ఆమెకూ కళ్లనీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకునే దారి లేదు. "ఏం కాదు నాన్నా, ఏడవకు నాన్నా, తగ్గిపోద్ది" అంటోంది. అన్నకొద్దీ వాడు ఇంకా గట్టిగా ఏడుస్తున్నాడు. తమ్ముడికి ఇక కళ్లు కనపడవేమోనని భయపడ్డాను.

అప్పుడు పక్కింటి అక్క వచ్చి వాడి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. చేతులు మాత్రం వీపు వెనక కట్టుకుంది. ఏడవకు అనలేదు. "ఒరేయ్, ఎంత మండుతుందిరా?" అని అడిగింది, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. వాడు ఏడుస్తూనే "ఇంత" అని చేతులు చాచాడు. కళ్ల మీదికి పోయిన చేతులు పక్కలకు వచ్చాయి. "అంతేనా? ఇంకా ఎక్కువనుకున్నానే" అంది. వాడికి రోషం వచ్చింది. చేతులు ఇంకా బారుగా చాపి "ఇంత!" అని అరిచాడు. "అమ్మో, అంత మంట నీకూ, ఆ చిలకపిల్లకేరా వచ్చింది" అంది అక్క.

అక్కడినుంచి కథ మొదలైంది. మిరపచేలో వాలిన ఒక చిలకపిల్ల మొట్టమొదటిసారి పండుకాయ కొరికిందట. ఒళ్లంతా మండిపోయి గాల్లోకి ఎగిరిందట. "రెక్కలు చాపే ఉంచాలిరా, ముడిస్తే కింద పడిపోద్ది" అంది అక్క. మా తమ్ముడు కళ్లు గట్టిగా మూసుకుని, బుగ్గల మీద నీళ్లు ధారగా కారుతుంటే, రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. చిలక మంగళగిరి కొండ దాటింది, కృష్ణ మీదికి పోయింది. మధ్యలో వాడు "అక్కా మండుతుంది" అనేవాడు. "దానికీ మండుతుందిరా, మండుతుండగానే ఎగురుతోంది" అనేది అక్క. చిలకకు మంట తగ్గిందని ఒక్కసారి కూడా చెప్పలేదు. నాన్న బిందెతో వచ్చి ముఖం మీద ధారగా నీళ్లు పోస్తున్నా వాడు రెక్కలు దించలేదు. నీళ్లు అయిపోయి, మళ్లీ తెచ్చి పోశాక, మెల్లగా ఎర్రటి కళ్లు తెరిచి, చిలక ఎక్కడ వాలింది అని అడిగాడు. అమ్మ నేల మీద కూలబడి బావురుమంది.

చాలా ఏళ్ల తర్వాత నా మొదటి పుస్తకం పట్టుకుని అద్దంకిలో అక్క ఇంటికి వెళ్లాను. ఆ రోజు సంగతి ఎంత చెప్పినా ఆవిడకు గుర్తే రాలేదు. "ఏదో నోటికొచ్చింది చెప్పుంటానే, దానికేముంది" అని నవ్వేసి అన్నానికి లేపింది. నాకు కాస్త కోపం కూడా వచ్చింది. నా బతుకంతా నడిపిన కథను అంత తేలిగ్గా ఎలా మర్చిపోయింది?

నా పుస్తకాల్లో ఏడుపు ఎక్కువని అనేవాళ్లున్నారు. పిల్లలకు సంతోషంగా ఉండే కథలు రాయొచ్చుగదండీ అంటారు. ఎక్కడో ఏ ఊళ్లోనో ఒక పసిబిడ్డ కళ్లు మండి ఏడుస్తూ ఉంటుంది. పేరు తెలియదు, దగ్గరికి తీసుకోవడానికి నా చెయ్యి అందదు. నాకున్నది మాటొక్కటే. అందుకే ఇన్నేళ్లలో నేను రాసిన ఏ కథలోనూ ఎవరూ ఎవరినీ ఏడవకు అనరు. ఎంత మండుతుందని అడుగుతారు, ఆ బిడ్డ చేతులు చాచి చూపించేదాకా ఆగుతారు.