ఫారంలో పోయిన అమ్మ

మా ఆయన మా అమ్మకి సొంత తమ్ముడు. ఈ ముక్క చెప్పడానికి తిరువూరులో నాకెప్పుడూ నోరు తడబడలేదు. మేనమామని చేసుకోవడం మా వైపు ఈమధ్య తగ్గింది గానీ, చేసుకుంటే వింతగా చూసేవాళ్లు లేరు. మా పెళ్లిలో అమ్మ నాన్న పక్కన పీటల మీద కూర్చుని సొంత తమ్ముడి కాళ్లు కడిగింది. కాసేపటికి లేచి అటువైపు వెళ్లి, పెళ్లికొడుకు అక్కగా మా ఇద్దరికీ కొంగుముడి వేసింది. "అటూ నువ్వే ఇటూ నువ్వే, భలే కుదిరిందమ్మా నీకు" అని చుట్టాలు ఆటపట్టిస్తుంటే అమ్మ ముఖం వెలిగిపోయింది. అందరితోపాటు నేనూ నవ్వాను.

మావయ్య అమ్మకన్నా పందొమ్మిదేళ్లు చిన్న. అమ్మమ్మకి ఎప్పుడూ ఒంట్లో బాగుండేది కాదు. అందుకని మూడేళ్ల పిల్లాడిగా ఉన్నప్పుడే ఎ.కొండూరు నుంచి తిరువూరు తెచ్చి అమ్మే పెంచింది. నేను పుట్టేసరికి ఆయనకి ఏడేళ్లు. ఇంట్లో చేపలకూర వండితే నడిముక్క ఎవరి కంచంలో పడేదో నాకు బాగా గుర్తుంది. కడుపుమంటగానే ఉండేది. పెద్దయ్యాక ఆయన్నే చేసుకున్నాను, ఇష్టపడే చేసుకున్నాను. అప్పటికే ఆయన అమెరికాలో ఓ ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తూ అక్కడే స్థిరపడ్డాడు. పెళ్లయి నాలుగేళ్లు గడిచాయి. అందులో మేమిద్దరం ఒక ఇంట్లో ఉన్నది అరవై ఒక్క రోజులు. మిగతాదంతా ఫోన్లోనే కాపురం.

నన్ను అక్కడికి తీసుకెళ్లడానికి ఆయన భార్య వీసాకి పెట్టాడు. ఇంటర్వ్యూ ముంబైలో. కాగితాల పనికి బెజవాడలో ఓ ఏజెంటుని పెట్టుకున్నాం. ఆ మనిషిని చూసిన మొదటి రోజే నాకు ఒళ్లు మండింది. ప్రశ్న నేనడిగితే జవాబు నాన్నకి చెప్తాడు. వివరాలు రాసుకుంటూ రాసుకుంటూ ఒకచోట పెన్ను ఆపాడు.

"మీ అమ్మగారి పుట్టింటివాళ్ల ఇంటిపేరూ, మీ హజ్బెండ్ ఇంటిపేరూ ఒకటేనేంటండీ?"

"ఆయన మా అమ్మ తమ్ముడండీ."

కుర్చీలో వెనక్కి వాలాడు. "సొంత మేనమామా! వాళ్లు ఒప్పుకోరమ్మా. అక్కడ చాలాచోట్ల ఈ పెళ్లి చెల్లదు. రక్తసంబంధం అని తెలిసిందో, ఫైలు మూసేస్తారు."

దొంగతనం చేస్తూ దొరికిపోయినవాళ్లని చూసినట్టు చూశాడు మమ్మల్ని. అతని నాయనమ్మ కూడా మేనమామనే చేసుకుని ఉంటుందని నాకు గట్టి అనుమానం. నాన్న మాత్రం చేతులు కట్టుకుని, "మీరే ఏదో ఒకటి చూడండి సార్" అన్నారు. అంతా తను చూసుకుంటానన్నాడు.

ప్రయాణానికి రెండు రోజుల ముందు ఫైలు చేతికిచ్చాడు. కాగితాల వరస చెడిపోతుంది, తెరవొద్దని మరీ మరీ చెప్పాడు. అడిగినదానికే జవాబు చెప్పాలట, సొంత కవిత్వం వద్దట. పెళ్లి దగ్గరుండి ఎవరు జరిపించారని అడిగితే మా పిన్ని అని చెప్పాలట. ఎందుకని అడిగితే "ఫార్మాలిటీ మేడం" అని ఇంకెవరిదో ఫోను ఎత్తాడు. అప్పుడే గట్టిగా నిలదీయాల్సింది. నాన్న ముందు గొడవెందుకని ఊరుకున్నాను.

మామిడి కోతలు జరుగుతున్నాయి, నాన్న తోట వదిలి రాలేనన్నారు. అమ్మ నాతో బయల్దేరింది. తిరువూరు బస్టాండులో కనిపించిన ప్రతి మనిషి దగ్గరా నా వీసాకో సలహా ఉంది. నవ్వుతూ ఉండు అని ఒకరు, ఎక్కువ నవ్వకు అని ఇంకొకరు. గంపలగూడెం నుంచి వచ్చిన ఓ దూరపు చుట్టమైతే, తన మనవరాలికి మూడు నిమిషాల్లో ఇచ్చేశారనీ, నాకెందుకు నాలుగేళ్లు పట్టిందనీ పదిమందిలో గట్టిగా అడిగింది. నేను బెజవాడ బస్సెక్కి కూర్చున్నాను. ముంబై రైల్లో అమ్మ దారి పొడుగునా పులిహోర పొట్లాలు విప్పుతూ, తమ్ముడికి ఏ రోజు ఏం వండిపెట్టాలో నాకు అప్పజెప్పింది. చింతచిగురు పప్పులో కారం తగ్గించాలట, వాడికి పడదట. ఆయనతో ఒకే ఇంట్లో పెరిగినదాన్ని, నాకు తెలియదన్నట్టు చెప్తోంది.

ముంబైలో దిగిన మర్నాడు వేలిముద్రలు, ఆ తరవాతి రోజు ఇంటర్వ్యూ. వేలిముద్రలు ఇచ్చొచ్చాక మధ్యాహ్నం లాడ్జి గదిలో ఏమీ తోచలేదు. తెరవొద్దన్న ఫైలు తెరిచాను.

పెళ్లి ఫోటోలు నలభై ఇస్తే పన్నెండే ఉన్నాయి. అమ్మ కనిపించేది ఒక్కటీ లేదు. ఒకదాంట్లో తలంబ్రాల పళ్లెం పట్టుకున్న చెయ్యి మాత్రం మోచేతి దాకా మిగిలింది, అది అమ్మ చెయ్యి. మనిషిని కత్తిరించేశారు. గబగబా ఫారం తిరగేశాను. తల్లి బతికి ఉన్నారా అన్నచోట 'లేదు' అని ఉంది. దాని కిందనే పోయిన సంవత్సరం కూడా వేశాడు, మా పెళ్లికి ముందు సంవత్సరం. ఆ పోయిన మనిషి మంచం మీద కూర్చుని స్టీలు గిన్నెలో పెరుగన్నం కలుపుతూ, ఊరగాయ డబ్బా మూత రావట్లేదని విసుక్కుంటోంది.

ఏజెంటుకి ఫోన్ చేశాను. ఫోన్ మంచం మీద పెట్టి స్పీకర్లో మాట్లాడాను.

"మా అమ్మని చంపేశారేంటండీ?"

"అరవకండి మేడం. ఉన్నారని రాస్తే ఆవిడ గురించి అడుగుతారు. పుట్టిల్లెక్కడ, అన్నదమ్ములెవరు, అంతా బయటికొస్తది. పోయారంటే ఎవరూ తవ్వరు. కాగితం మీదే కదా."

"మీ అమ్మని రాసుకోండి కాగితం మీద."

"ఇప్పుడు మార్చారంటే గోవిందా. తర్వాత మీ ఇష్టం. మీ సార్‌కి చెప్పే చేశాను."

మా సార్‌కి చేశాను. నిద్రలోంచి లేచాడు. తెలుసన్నాడు. "నేనే సరేనన్నాను. నీకు చెప్తే గొడవ చేస్తావని చెప్పలేదు. ఇంకెన్నాళ్లు చెప్పు ఇలాగ? ఒక్క అబద్ధమే కదా. అక్కకేమవుద్ది?"

"నోట్లో ముద్దలు పెట్టి పెంచింది మావయ్యా నిన్ను."

నేను ఫోన్ పెట్టేశాను. అమ్మ రెండు ఫోన్లూ విన్నది. విని, కలపడం ఆపలేదు.

"వాడు సరేనన్నాడంటే ఆలోచించే అనుంటాడు. పోయిందని చెప్పు. చెప్తే నిజంగా పోతానా ఏంటి? రా, అన్నం తిను."

"నీకేం అనిపించట్లేదా?"

"ఏమనిపించాలే? నా తమ్ముడి కాపురంకన్నా ఎక్కువా?"

ఆ క్షణంలో ఆవిడ మీద వచ్చినంత కోపం నాకు ఏజెంటు మీద కూడా రాలేదు. నీ కాపురం అనలేదు, గమనించాను. తిననని చెప్పి గోడవైపు తిరిగి పడుకున్నాను. బతిమాలుతుందేమోనని చూశాను. తను తినేసి, గిన్నె కడిగి బోర్లించింది.

అమ్మని ఆ ఛాయలకి కూడా రానివ్వొద్దని ఏజెంటు చెప్పాడు. అయినా పొద్దున్నే నాతోపాటు ఆటో ఎక్కింది. ఫోన్లు లోపలికి తీసుకెళ్లనివ్వరు కాబట్టి నా ఫోను తీసుకుని, రోడ్డవతల మూసి ఉన్న కొట్టు మెట్ల మీద కూర్చుంది. కాన్సులేటు గోడ పొడుగునా వరస. అందులో సగం మంది తెలుగువాళ్లే, కానీ ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడరు. నా ముందున్న అమ్మాయి మొగుడి కారు రంగూ, మొగుడి ఆఫీసు పేరూ పరీక్షకి పోతున్నట్టు గొణుక్కుంటోంది. నా వైపు తిరిగి, నేను వింటున్నానని చూసి, ఫైలు గుండెలకి అదుముకుంది. ఆ పిల్ల జవాబులు నేనేం చేసుకుంటాను? ఎండలో రెండు గంటలు అలా నిలబెట్టి ఒక్కొక్కళ్లనీ లోపలికి పంపారు.

కిటికీ అద్దానికి అవతల ఓ తెల్లతను, పక్కన తెలుగు చెప్పే ఆవిడ. పెళ్లి ఎక్కడ, ఎప్పుడు, ఆయన ఏం పని చేస్తాడు, రోజూ ఎన్నిసార్లు మాట్లాడుకుంటాం. అన్నీ చెప్పాను. అతను ఫోటోలు పేకముక్కల్లా తిప్పాడు. చెయ్యి మాత్రం మిగిలిన ఫోటో కూడా తిప్పేశాడు. నా పక్క కిటికీలో ఎవరికో వీసా ఇచ్చేసినట్టున్నారు, థాంక్యూ థాంక్యూ అంటున్నారు. నాకూ వచ్చేస్తుందనిపించింది. అతను కంప్యూటర్లో ఏదో చదివి, ఆగి, నేరుగా నాతోనే "సారీ" అన్నాడు.

"మీ పెళ్లి చూడకుండానే మీ అమ్మగారు పోయినందుకు అంటున్నారండి" అంది తెలుగావిడ. తను కూడా జాలిగా చూసింది.

ప్రశ్న అడిగుంటే ఏజెంటు నేర్పిన జవాబు చెప్పేసేదాన్నే. మొగుడి దగ్గరికి పోవాలని నాకు లేదా? రోజులు లెక్కపెట్టుకుని బతికినదాన్ని. కానీ పరామర్శ పుచ్చుకోవడం నా వల్ల కాలేదు. బతికున్న అమ్మకి ముఖం వేలాడేసి తలూపాలి, అంతే కదా పని. తల ఊగలేదు.

"సారీ వద్దండి" అన్నాను. "మా అమ్మ బతికే ఉంది. రోడ్డవతల కూర్చుంది. ఫారంలో తప్పు రాశారు. ఆవిడ మా ఆయనకి సొంత అక్క. మాలో చేసుకుంటాం."

తెలుగావిడ అతనికి వెంటనే చెప్పలేదు. నా ముఖంలోకి చూసింది. ఎంత పని చేశావే పిచ్చిదానా అన్నట్టుంది ఆ చూపు. తరవాత చెప్పింది. అతను ముఖంలో ఏమీ కనిపించనివ్వకుండా చాలాసేపు టైపు చేశాడు. లోపలికి వెళ్లి ఇంకొకరిని తీసుకొచ్చాడు. ఇద్దరూ నన్ను నిలబెట్టి మాట్లాడుకున్నారు. చివరికి ఓ రంగు కాగితం కిటికీ కిందనుంచి తోశారు. కేసు ఆపి ఉంచారు, ఇంకా పరిశీలించాలి, ఏ సంగతీ వాళ్లే తెలియజేస్తారు, ఎదురు ఫోన్లు చెయ్యకూడదు.

ఈ సంగతి విన్నవాళ్లు ఒకరిద్దరు నా నిజాయితీని మెచ్చుకున్నారు. వాళ్ల మెప్పు వాళ్ల దగ్గరే ఉంచుకోమన్నాను. నిజం మీద ప్రేమతో నేనేమీ చెప్పలేదు. ఒళ్లు మండి చెప్పాను. ఏజెంటు మీద మంట, ఆయన మీద మంట, పోయానని చెప్పు అని అంత తేలిగ్గా అనేసిన అమ్మ మీద అన్నిటికన్నా పెద్ద మంట.

బయటికొస్తుంటే దూరం నుంచే లేచి నిలబడింది.

"ఇచ్చారా?"

కాగితం చూపించాను. ఆవిడకి ఇంగ్లీషు చదవడం రాదు. రంగు చూసింది, నా ముఖం చూసింది.

"ఏమడిగారు?"

"నీ గురించి వచ్చింది."

"మరి పోయానని చెప్పావుగా?"

"లేదు. ఉన్నావని చెప్పాను. ఆయనకి అక్కవని కూడా చెప్పాను."

నేనప్పుడు ఏం ఆశపడ్డానో రాయడానికి సిగ్గుగా ఉంది. తిడుతుందనుకున్నాను, తిట్టి దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను. మా అమ్మ నా చేతిలో కాగితం లాక్కుని, నా ముఖం ముందు ఆడించింది.

"నిన్నెవరడిగారే నన్ను బతికించమని? వాడక్కడ ఒక్కడూ పడి ఉన్నాడు. పనినుంచి వచ్చి చల్లారిన కూడు తింటున్నాడు. నలభై దగ్గర పడుతోంది వాడికి. నీ పొగరు కోసం నా తమ్ముణ్ని గంగలో ముంచావు కదే!"

వరసలో ఉన్న తెలుగువాళ్లందరూ ఇటే చూస్తున్నారు. ఇందాక ఒక్కళ్లకీ నోరు లేదు, ఇప్పుడు గుసగుసలు మొదలయ్యాయి. ఆవిడ చేతిలో కాగితం తీసుకుని ఫైల్లో పెట్టాను. తిరుగు రైల్లో ఆవిడ కింది బెర్తులో, నేను పై బెర్తులో. బెజవాడ దాకా ఒక్క మాట లేదు. పొట్లాలు మాత్రం లెక్క ప్రకారం పైకి అందించింది.

ఏడు నెలలైంది. కేసు అలాగే ఉంది. పెళ్లి మాలో ఆచారమేనని ఊరి పెద్దలతో సంతకాలు పెట్టించి పంపాం, ఉలుకూ పలుకూ లేదు. ఏజెంటు ఫోన్ ఎత్తడం మానేశాడు. మా ఆయన నాతో రెండు మాటలు మాట్లాడి, అక్కకివ్వు అంటాడు. వాళ్లిద్దరూ గంటసేపు మాట్లాడుకుంటారు. నేను పక్క గదిలో ఉంటాను. తప్పు ఒప్పుకుంటానని చూస్తున్నారు ఇద్దరూ. ఒప్పుకోను. రేపు మళ్లీ పిలిచి అడిగినా అదే చెప్తాను.

మొన్న అమ్మా నేనూ సరుకులకి వెళ్లాం. అమ్మ చింతపండు చూస్తోంది, నేను పక్కనే సంచి పట్టుకుని నిలబడ్డాను. కిరాణా కొట్టావిడ తూకం వేస్తూ అమ్మని అడిగింది, "అమ్మాయి వీసా ఏమైందండీ? ఇంకా రాలేదా?"

అమ్మ చింతపండు మీదనుంచి తల ఎత్తలేదు.

"ఏం చెప్పమంటారండీ. మా తమ్ముడి పెళ్లాం చేసింది ఆ నిర్వాకం" అంది.